కంప్యూటర్‌కు తెలుగు వెబ్ చదివించి రోజూ కొత్త సంగతులు నేర్పడం ఎలా

మా బాపుకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ కొత్త కాదు. మిర్చి బస్తాలతో ఏటా అక్కడే. ఓ పొద్దున, నా లాప్‌టాప్ రాత్రంతా చదివి తయారుచేసిన పంటల జాబితా ఆయన ముందు పెట్టాను. పత్తి, మిర్చి, పసుపు, మక్క, కంది... చదువుతూ పోతున్న వేలు ఒక చోట ఆగింది.

"కౌలు గూడ పంటనేనారా? ఇత్తులు ఏ షాపుల దొరుకుతయి?"

తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే గంటలో దొరికింది. వార్తల్లో 'పత్తి రైతులు', 'మిర్చి రైతులు', 'పసుపు రైతులు' అని పదే పదే కనిపించడంతో, 'రైతులు' అనే మాటకు ముందు వచ్చేది పంట పేరని యంత్రం తీర్మానించుకుంది. ఆ లెక్కన 'కౌలు రైతులు' కనిపించగానే కౌలును పంటల్లో కలిపేసింది. రెండో రోజు సంగతి ఇంకా ఘోరం. కౌలు పంటే కాబట్టి, 'కౌలుకు తీసుకున్న' లాంటి వాక్యాలన్నీ పంటల గురించేనని కొత్త పాఠం నేర్చుకుంది. ఆ తోవలో ఆటోలు, మడిగెలు కూడా పంటల జాబితాలోకి వచ్చేవే. నేను కరెంటు పీకేశాను.

ఇది నా ఒక్కడి గోస కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో 'నెల్' అనే ప్రోగ్రాంను మొదలుపెట్టింది. వెబ్ చదువుతూ రాత్రింబవళ్లు సంగతులు నేర్చుకోవడమే దాని పని. అది 'ఇంటర్నెట్ కుకీస్' అన్న మాట చూసి, అవి బేకరీలో కాల్చే బిస్కెట్లనుకుంది. జనం 'కుకీస్ డిలీట్ చేశాను' అని రాస్తారు, 'ఫైల్స్ డిలీట్ చేశాను' అనీ రాస్తారు. దాంతో ఫైళ్లు కూడా బేకరీ సరుకైపోయాయి. మన కౌలు, వాళ్ల కుకీస్ ఒకే జబ్బు. ఒక తప్పును నమ్మితే, ఆ తప్పే రేపటికి పంతులవుతుంది.

కాబట్టి ఈ మార్గదర్శిలో చదివించడం గురించి కొంచెమే ఉంటుంది, అనుమానించడం నేర్పడం గురించి ఎక్కువ. మామూలు లాప్‌టాప్, పైథాన్ భాష, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ చాలు. ఉదాహరణలన్నీ మన ఓరుగల్లు చుట్టుపక్కలవే.

1. ఏం నేర్పాలో కాగితం మీద రాసుకోండి

'ప్రపంచంలోని సంగతులన్నీ' అని మొదలుపెడితే వారంలో విసుగొస్తుంది. ఒక ప్రాంతం, ఏడెనిమిది రకాలు చాలు. నావి ఇవి: ఊరు, మండలం, జిల్లా, చెరువు, గుడి, పంట, మిర్చి రకం, మనిషి. వీటి మధ్య సంబంధాలు ఐదు: ఊరు ఏ మండలంలో ఉంది, మండలం ఏ జిల్లాలో ఉంది, చెరువు ఏ ఊరిది, గుడిని ఎవరు కట్టించారు, ఏ మిర్చి రకానికి ఏ రోజు ఎంత ధర పలికింది. నెల్ కూడా 123 రకాలు, 55 సంబంధాలతోనే మొదలైంది.

ప్రతి సంబంధానికి రెండు వైపులా ఏ రకం ఉండాలో కూడా రాయండి. 'కట్టించారు' అంటే ఒక వైపు గుడి, ఇంకో వైపు మనిషి. ఈ చిన్న పట్టికే తర్వాత కాపలా కుక్కలా పనిచేస్తుంది.

దాని పక్కనే ఇంకో జాబితా కావాలి: ఏది అయితే ఏది కాదు? పంట అయితే మనిషి కాదు. జిల్లా అయితే మిర్చి రకం కాదు. ఇక్కడ తొందరపడకండి. ఊరు అయితే చెరువు కాదని రాస్తే ధర్మసాగర్ దగ్గర దెబ్బ తింటారు. ధర్మసాగర్ ఊరు, మండలం, చెరువు కూడా. రామప్ప అంటే గుడి, చెరువు, ఆ గుడిని చెక్కాడని చెప్పుకునే శిల్పి. అందుకే డేటాబేస్‌లో పేరుకు ఒక పట్టిక, వస్తువుకు ఒక పట్టిక వేరుగా పెట్టండి. 'రామప్ప' అన్న పేరు ఒకటి, దాని వెనక వస్తువులు మూడు. నెల్ కూడా మొదట్లో పేరునే వస్తువుగా చూసింది. ఈ విడదీసే పని తర్వాత చేర్చారు. మీరు మొదటి రోజే చేసుకుంటే ఆ కష్టం తప్పుతుంది.

2. చదివించడానికి సరుకు

మొదట తెలుగు వికీపీడియా. మొత్తం వ్యాసాలను ఒకే ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకునేలా వికీమీడియా ఉచితంగా ఇస్తుంది. తర్వాత, వెబ్ పేజీలను పోగేసి ఉచితంగా ఇచ్చే కామన్ క్రాల్ నుంచి తెలుగు పేజీలు. సొంతంగా సైట్ల నుంచి తెచ్చుకోవాలంటే ముందు యంత్రాలు ఎక్కడికి రావొచ్చో, రాకూడదో చెప్పే ఆ సైటు రోబోట్స్ ఫైలు చదవండి, వద్దన్న చోటికి పోకండి, పేజీకీ పేజీకీ మధ్య కొన్ని సెకన్లు ఆగండి. చిన్న పత్రిక సర్వర్‌ను మీ ప్రయోగం కోసం పడుకోబెట్టడం మర్యాద కాదు.

పాత తెలుగు పేజీల్లో చాలా వరకు, ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ అర్థం చేసుకునే అక్షరాల పద్ధతి అయిన యూనికోడ్‌లో ఉండవు. సొంత ఫాంట్లలో రాసినవి మనకు గజిబిజి అక్షరాల్లా కనిపిస్తాయి. మొదట్లో వాటిని వదిలేయండి.

వికీపీడియాలో ఒక విశేషం ఉంది. మన ఊళ్ల వ్యాసాల్లో చాలా భాగం 2011 జనగణన లెక్కలతో ఒకే అచ్చులో రాసినవే. 'మండల కేంద్రమైన ఫలానా నుండి ఇన్ని కి.మీ. దూరంలో' అనే వాక్యం ఊరూరికీ వస్తుంది. ఊరి-మండలం సంబంధానికి ఇది వరం. కానీ ఆ అచ్చులో తప్పుంటే వందల ఊళ్లలో అదే తప్పు ఉంటుంది. వెయ్యి పేజీలు చెప్పాయని మురిసిపోకండి, చెప్పిన నోరు ఒకటే. వార్తలదీ ఇదే కథ, ఒకే ఏజెన్సీ వార్త పది సైట్లలో వస్తుంది. అందుకే దాదాపు ఒకేలా ఉన్న పేరాలను గుర్తించి, అన్నింటికీ కలిపి ఒకటే ఓటు లెక్కవేయండి.

3. పేర్లను విడదీయడం

ఇంగ్లిష్ కోసం రాసిన పద్ధతులు తెలుగు దగ్గర చతికిలపడేది ఇక్కడే. 'ములుగు, ములుగులో, ములుగుకు, ములుగు నుంచి' అన్నీ ఒకటేనని యంత్రానికి తెలియదు. చివర ఉన్న 'లో', 'కు', 'ని', 'ల' తీసేస్తే సరిపోతుందని నేనూ అనుకున్నాను. తీసేశాను. మంథని కాస్తా 'మంథ' అయింది. పరకాల 'పరకా', పాకాల 'పాకా' అయ్యాయి. మిర్చి ధరల్లోని 'కిలో' అయితే 'కి' అనే ఊరిగా తేలింది!

నేను చివరికి పెట్టుకున్న నియమం ఇది: తోక తీసేశాక మిగిలిన రూపం వేరే చోట్ల ఒంటరిగా కనిపిస్తేనే తీయాలి. 'ములుగు' ఒంటరిగా లెక్కలేనన్ని సార్లు కనిపిస్తుంది, కాబట్టి 'ములుగులో' నుంచి 'లో' తీయొచ్చు. 'మంథ' ఎక్కడా ఒంటరిగా లేదు, కాబట్టి మంథని మంథనిగానే ఉండాలి. ఊరు-ఊళ్లో, ఇల్లు-ఇంట్లో లాంటి మారిపోయే మాటలు కొన్నే. వాటికి చేత్తో జాబితా రాసుకోండి.

తీసిన తోకను మాత్రం పారేయకండి, పక్కన దాచండి. ఇంగ్లిష్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారో మాటల వరుస చెబుతుంది. తెలుగులో ఆ పని ప్రత్యయాలది. 'పాలంపేటలోని రామప్ప గుడి' అన్నప్పుడు ఏది ఊరో, ఏది ఊళ్లో ఉన్నదో చెప్పేది ఆ 'లోని' ఒక్కటే.

ఇంకో రెండు చిన్న పనులు. 'వరంగల్‌లో' అని రాసేటప్పుడు ల్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొందరు అది వాడతారు, కొందరు 'వరంగల్లో' అని కలిపేస్తారు. రెండింటినీ ఒకే రూపానికి తెచ్చుకోండి. హన్మకొండ, హనుమకొండ, హనంకొండ లాంటి జంటలకు మారుపేర్ల పట్టిక పెట్టండి.

4. విత్తనాలు

ప్రతి రకానికి 10 నుంచి 15 ఉదాహరణలు మీరే ఇవ్వాలి. వీటినే విత్తనాలు అంటున్నాను. నెల్‌కూ అంతే ఇచ్చారు. గూగుల్ స్థాపకుల్లో ఒకడైన సెర్గీ బ్రిన్ 1998లో వెబ్ నుంచి పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు జంటగా ఏరడానికి ఐదే ఐదు పుస్తకాలతో మొదలుపెట్టాడు.

విత్తనం మంచిదై ఉండాలి. చెరువులకు పాకాల, లక్నవరం, భద్రకాళి అని రాయబోతాం. భద్రకాళి అంటే గుడి కూడా, వద్దు. రామప్ప ఎందుకు వద్దో పైన చెప్పాను. ధర్మసాగర్ వద్దు. 'లక్నవరం చెరువు', 'వడ్డేపల్లి చెరువు' అని చెరువు మాట కలిపి ఇవ్వండి. మిర్చి రకాలకు చపాటా అనేది బంగారం లాంటి విత్తనం, దానికి వేరే అర్థం లేదు. పైగా 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చాక దాని గురించి వార్తలు కూడా పెరిగాయి. 'తేజ' మాత్రం విత్తనంగా పనికిరాదు. ఆ పేరున్న మనుషులు వీధికి ఇద్దరుంటారు.

తప్పు ఉదాహరణలు కూడా కొన్ని ఇవ్వండి: కౌలు పంట కాదు, కిలో ఊరు కాదు.

జిల్లాల, మండలాల జాబితాను యంత్రంతో కనిపెట్టించాలని చూడకండి. అది ప్రభుత్వ ఉత్తర్వుల్లో అచ్చయి ఉంది, తెచ్చి నేరుగా పెట్టేయండి. తెలిసినదాన్ని మళ్లీ నేర్పించడం దండగ.

5. వాక్యాల అచ్చులు పట్టుకోవడం

అమెరికా పరిశోధకురాలు మార్టి హర్స్ట్ 1992లో ఒక సులువైన సంగతి చూపింది: 'ఇలాంటివి' అని చెప్పే మాటల చుట్టూ రకాలు, వాటి ఉదాహరణలు దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో ఎక్కువగా రకం పేరు ముందొస్తుంది, ఉదాహరణలు తర్వాత. మనకు అది తిరగబడి ఉంటుంది. 'పాకాల, లక్నవరం వంటి చెరువులు', 'పత్తి, మక్క తదితర పంటలు', 'చపాటా అనే రకం'. వంటి, లాంటి, తదితర, మొదలైన, అనే: ఈ ఐదింటితో మొదలుపెట్టండి.

తర్వాత యంత్రాన్ని వదలండి. తెలిసిన చెరువుల పేర్లు కనిపించిన ప్రతి వాక్యం తీసి, పేరు ఉన్న చోట ఖాళీ పెట్టి, ఏ అచ్చు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. నాకు ఇందులో దొరికిన ఆణిముత్యం 'మత్తడి దుంకుతున్న ___'. వానాకాలంలో మన దిక్కు వార్తల నిండా ఇదే. ఆ ఖాళీలో చెరువు, కుంట తప్ప ఇంకేదీ పట్టదు. పాఠ్యపుస్తకాల తెలుగులో 'అలుగు పారుతున్న' అని వెతికి ఉంటే ఇందులో సగం కూడా దొరికేది కాదు. ప్రాంతం మాటలను తక్కువగా చూడకండి, అచ్చుల్లో అవే గట్టివి.

అచ్చు మంచిదో కాదో ఎలా తేల్చాలి? ఒక అచ్చు ఖాళీలో 20 వేర్వేరు పేర్లు దొరికాయనుకుందాం. అందులో 9 మనకు తెలిసిన చెరువులు, ఒక్కటీ తెలిసిన తప్పు కాదు, 11 కొత్తవి. ఇది ఉంచుకోదగ్గది. ఇంకో అచ్చు '___ చూడటానికి జనం తరలివచ్చారు'. అందులో 4 చెరువులు, 6 గుళ్లు, ఒక మంత్రిగారు. తీసేయండి. నేను పెట్టుకున్న లెక్క ఇంతే: తెలిసిన ఒప్పులు కనీసం 3 ఉండాలి, తెలిసిన తప్పు ఒక్కటి వచ్చినా అచ్చు ఆ రోజుకు పక్కకు. కొన్ని మంచి అచ్చులు కూడా పోతాయి, పోనీయండి.

'ఊర చెరువు', 'పెద్ద చెరువు' అని వస్తే ఊరి పేరు జతగా లేకుండా తీసుకోవద్దు. మన దగ్గర ఊరికో పెద్ద చెరువుంటుంది.

6. అనుమానించడం నేర్పడం

అసలు పని ఇక్కడుంది. ఒక్కో రకాన్ని విడిగా నేర్పితే యంత్రం జారిపోతుంది. అన్ని రకాలనూ ఒకేసారి, ఒకదాన్నొకటి పట్టుకునేలా నేర్పడమే నెల్ వాళ్లు కనిపెట్టిన కిటుకు.

మొదటి పట్టు, ఏది అయితే ఏది కాదన్న జాబితా. 'తేజ' మిర్చి రకం అని ఒక అచ్చు, మనిషి అని ఇంకో అచ్చు చెబితే వెంటనే నమ్మకూడదు. పేరు ఒకటే, వస్తువులు రెండు కావొచ్చు. చుట్టూ 'క్వింటా', 'బస్తాలు', 'జెండా పాట' (మార్కెట్ వేలం) ఉన్న వాక్యాలు ఒక కుప్ప, 'గారు', 'అన్నారు' ఉన్నవి ఇంకో కుప్ప. రెండు కుప్పలూ విడిగా గట్టిగా నిలబడితేనే రెండు వస్తువులు చేయాలి.

రెండో పట్టు, సంబంధాల రకాలు. రామప్ప గుడిని కట్టించింది కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. ఏదో వాక్యం నుంచి 'రామప్ప గుడిని కట్టించింది ఇసుక' అని వచ్చిందనుకోండి, ఆ గుడి పునాదిలో ఇసుక నింపారని రాసే వాక్యాలు చాలా ఉంటాయి మరి. ఇసుక మనిషి కాదు కాబట్టి అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ పట్టిక రాసినందుకు ఫలితం ఇదే.

మూడో పట్టు, వేర్వేరు కళ్లు. మామూలు వాక్యాలు చదివేది ఒకటి. పట్టికలు, జాబితాలు మాత్రమే చదివేది రెండోది. పేరు రూపాన్ని బట్టి ఊహించేది మూడోది: పల్లి, పేట, గూడెం అని ముగిస్తే ఊరు కావొచ్చు, సముద్రం, కుంట అని ముగిస్తే చెరువు కావొచ్చు. ఈ మూడోది ఒంటరిగా వదిలితే జమ్మికుంటలో చేపలు పట్టిస్తుంది. అందుకే ఏ ఒక్కరి మాటనూ సులువుగా నమ్మకూడదు. ముగ్గురూ చేసే తప్పులు వేరు వేరు రకాలు, ఇద్దరు ఒకే తప్పు చేయడం అరుదు.

ఇప్పుడు చాలామంది అడిగే మాట, ఇంత తతంగం ఎందుకు, చాట్‌బాట్ల వెనక ఉండే పెద్ద భాషా మోడల్‌ను అడిగితే అయిపోదా అని. వాడుకోండి, నాలుగో కన్నుగా. వాక్యం దాని ముందు పెట్టి 'ఈ వాక్యం ఈ సంగతి చెబుతోందా?' అని మాత్రమే అడగండి. వాక్యం ఇవ్వకుండా దాని జ్ఞాపకం నుంచి సంగతులు అడిగితే, మా మండలంలో లేని ఊరికి కూడా చక్కగా చరిత్ర చెబుతుంది. ఇప్పుడు వెబ్‌లో అలాంటి యంత్రం రాతలే పెరుగుతున్నాయి కాబట్టి, కొత్త సైటు ఏదైనా వచ్చినప్పుడు దాని ఓటుకు విలువ తగ్గించి మొదలుపెట్టండి.

7. నమ్మకాల ఖాతా

వచ్చిన ప్రతి సంగతీ మొదట అభ్యర్థే. ఒకే కన్ను నూటికి 90 పైగా గట్టిగా చెబితే, లేదా రెండు కళ్లు ఒప్పుకుంటే నమ్మకంగా మార్చండి. ఒక రాత్రిలో ఒక్కో రకానికి ఇన్ని మాత్రమే అని పరిమితి పెట్టండి. నేను 25 పెట్టాను. పరిమితి ఉండి ఉంటే కౌలు వెనక ఆటోలు వచ్చేంత దాకా పోయేది కాదు.

ప్రతి నమ్మకం పక్కన అది వచ్చిన వాక్యం, పేజీ, పేజీ తేదీ, పట్టిన అచ్చు దాచండి. రేపు ఒక అచ్చు చెడ్డదని తేలితే, దాని మీద నిలబడ్డ నమ్మకాలన్నీ ఒక్క కమాండ్‌తో మళ్లీ అభ్యర్థులైపోవాలి. దేన్నీ చెరిపేయకండి, కిందికి దించండి అంతే.

8. తేదీ లేని సంగతి సగమే

పాలంపేట ఏ జిల్లాలో ఉంది? నా యంత్రం మూడు జవాబులు తెచ్చి, తప్పులున్నాయని ఎర్ర గీత పెట్టింది. నిజానికి మూడూ ఒప్పే. 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లా. ఆ రోజు నుంచి జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడ్డాక ములుగు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చే నాటికి అది ములుగు జిల్లాదే. కానీ పాత పేజీలు ఎవరూ దిద్దరు కదా.

'వరంగల్ జిల్లా' అన్న పేరుది ఇంకా చిక్కు. 2016లో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అని విడిపోయింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. అంటే 2015 వార్తలోని వరంగల్ జిల్లా, ఇవాళ్టి వరంగల్ జిల్లా ఒకే పేరున్న వేర్వేరు వస్తువులు. ప్రతి సంబంధానికి 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి దాకా' అని రెండు గడులు పెట్టండి. తెలియకపోతే ఖాళీగా ఉంచి, పేజీ తేదీని మాత్రం రాయండి. మిర్చి ధరకైతే తేదీ లేనిదే లోపలికి రానివ్వకండి.

అన్ని గొడవలూ కాలంవి కావు. పి.వి. నరసింహారావు ఊరు లక్నేపల్లి అని కొన్ని పేజీలు, వంగర అని ఇంకొన్ని. పుట్టింది లక్నేపల్లిలో, పెరిగింది వంగరలో. ఇక్కడ కావలసింది తేదీ కాదు, 'ఊరు' అన్న ఒక్క సంబంధాన్ని రెండుగా చీల్చడం.

9. రోజూ నడపడం, వారానికోసారి చూడటం

రాత్రి రెండింటికి క్రాన్‌తో (చెప్పిన వేళకు పని మొదలుపెట్టే ప్రోగ్రాం) నడిపించండి: కొత్త పేజీలు తేవడం, విడదీయడం, అచ్చులు, అభ్యర్థులు, నమ్మకాలు. పొద్దున బ్యాకప్ తీసుకోవాలి. ఇందులో చెప్పడానికి పెద్దగా లేదు.

కొలవడం మాత్రం మానకండి. నెల్ మొదటి 67 రోజుల్లో 2,42,453 నమ్మకాలు పోగేసింది, మొత్తం మీద 74 శాతం ఒప్పు అని అంచనా వేశారు. కానీ ఆ కాలాన్ని మూడు భాగాలు చేసి చూస్తే మొదటి భాగంలో 90 శాతం, తర్వాత 71, చివరికి 57. జారడం నెమ్మదిగా ఉంటుంది, రోజూ చూసే కంటికి ఆనదు. అందుకే పాత నమ్మకాలను కాకుండా, ఆ వారం కొత్తగా వచ్చిన వాటిలోంచి లాటరీ తీసినట్టు 50 తీసి, చేత్తో సరిచూడండి. రకం వారీగా చూస్తే ఏ రకం చెడుతోందో అక్కడే తెలుస్తుంది.

మనిషి చేయాల్సింది వారానికి 15 నిమిషాల కంటే ఎక్కువ ఉండకూడదు. సంగతుల కంటే అచ్చులను సరిచూడండి, ఒక చెడ్డ అచ్చును కొట్టేస్తే వంద తప్పులు రాకుండా ఆగుతాయి. యంత్రం కూడా ఏ ప్రశ్న జవాబు మీద ఎక్కువ నమ్మకాలు ఆధారపడ్డాయో అది ముందు అడగాలి.

మా ఇంట్లో ఈ పని ఆదివారం సాయంత్రం చాయ్ తాగేటప్పుడు. మొన్నటి మొదటి ప్రశ్న: 'చపాటా, టమాటా మిర్చి ఒకటేనా?' ఒకే ధర, ఒకే రోజు, రెండు పేర్లతో వచ్చేసరికి యంత్రానికి అనుమానం వచ్చింది. బాపు గ్లాసు కింద పెట్టి, "ఒక్కటే. గిది గూడ తెల్వదా దానికి?" అన్నాడు. మారుపేర్ల పట్టికలో ఒక వరుస చేర్చాను. ఆధారం గడిలో పేజీ చిరునామా ఉండాల్సిన చోట 'బాపు' అని, పక్కన ఆ రోజు తేదీ రాసి, ఓట్లు: 1 అని పెట్టాను. ఆయన చూసి ఒక్కటేనా అన్నాడు.